బెలూన్‌లో గీగర్ కౌంటర్: 23 కిలోమీటర్ల దగ్గర లెక్క ఒక్కసారిగా ఎందుకు పెరిగింది?

వాల్తేరు_మేఘం
సెప్టెంబర్ 29, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మేం ఐదుగురం, వైజాగ్‌లో ఇంజనీరింగ్ ఫైనలియర్ చదువుతున్నాం. నిన్న తెల్లవారుజామున ఆనందపురం అవతల ఒక మామిడితోట పక్కనున్న ఖాళీ జాగాలోంచి వాతావరణ బెలూన్ వదిలాం. ఎత్తుకు వెళ్లేకొద్దీ అంతరిక్షం నుంచి పడే కాస్మిక్ కిరణాల వల్ల వచ్చే రేడియేషన్ ఎలా మారుతుందో కొలవాలన్నది మా ప్రాజెక్టు.

పెట్టెలో ఉన్నవి: పాత సోవియట్ రకం ఎస్‌బీఎం-20 గీగర్ ట్యూబు (రేడియేషన్ కణం తగిలినప్పుడల్లా ఒక కౌంటు ఇస్తుంది) ఒకటి, దానికి 420 వోల్టులు ఇచ్చే బోర్డు, జీపీఎస్, ఎంఎస్5611 ప్రెషర్ సెన్సర్, లోపలి ఉష్ణోగ్రతకు ఒక సెన్సర్, ఎస్‌డీ కార్డు, డేటాను దూరం నుంచి కిందికి పంపే 866 మెగాహెర్ట్జ్ లోరా రేడియో. సెల్స్ లిథియం ఏఏ. మొత్తం థర్మోకోల్ పెట్టెతో కలిపి 900 గ్రాములు.

మొదటి ఇరవై నిమిషాలు మా ప్రాణాలు మా దగ్గర లేవు. బెలూన్ తిన్నగా సముద్రం వైపే పోయింది. మ్యాప్ మీద చుక్క భీమిలి తీరం అంచుదాకా వెళ్లి అక్కడ ఆగినట్టయింది, తర్వాత మెల్లగా వెనక్కి తిరిగి మా నెత్తి మీదుగానే పడమటికి పోయింది. 28.4 కిలోమీటర్ల దగ్గర పగిలింది. పెట్టె చోడవరం దగ్గర చెరకు తోటలో పడింది, దొరికింది కూడా.

ఇక అసలు విషయం. నిమిషానికి కౌంట్లు ఇలా వచ్చాయి:

నేల మీద: 24
1 కి.మీ.: 17
5 కి.మీ.: 38
10 కి.మీ.: 121
13 కి.మీ.: 178
16.5 కి.మీ.: 214
20 కి.మీ.: 186
22.5 కి.మీ.: 161
23.1 కి.మీ.: 640
24 కి.మీ.: 1,900

ఆ తర్వాత పగిలేదాకా 1,500 నుంచి 2,500 మధ్య ఎగుడుదిగుడుగా ఉంది. 16.5 దగ్గర గరిష్ఠం వచ్చి తగ్గడం పుస్తకాల్లో ఉన్నట్టే ఉంది. కానీ 23 దగ్గర ఏమైంది? మా టీమ్‌లో ఇద్దరు ఇది నిజమైన రేడియేషనే అంటున్నారు. నాకు నమ్మకం కుదరడం లేదు. వచ్చే నెల రివ్యూ ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఎవరైనా ఇలాంటిది చూశారా?

గాజువాక_కుర్రాడు
సెప్టెంబర్ 29, రాత్రి 10:05

అక్కా, సూపర్! నేను ఇంటర్ సెకండియర్. సూర్యుడి మీద పేలుడు ఏదైనా జరిగి ఉంటుందా? సోలార్ ఫ్లేర్ వస్తే రేడియేషన్ పెరుగుతుందని చదివాను. అలా అయితే మీరు దాన్ని పట్టుకున్నట్టే కదా!

భీమిలి_ఫిజిక్స్
సెప్టెంబర్ 29, రాత్రి 10:50

బాబూ, అడగవలసిన ప్రశ్నే అడిగావు. జవాబు మాత్రం కాదు అనే వస్తుంది. ఎందుకో చెబుతాను, ఎందుకంటే ఈ ప్రయోగానికి ఆయువుపట్టు అక్కడే ఉంది.

కాస్మిక్ కిరణాల్లో ఎక్కువ భాగం ప్రోటాన్లు. వాటికి విద్యుదావేశం ఉంటుంది కాబట్టి భూమి అయస్కాంత క్షేత్రం వాటిని వంచేస్తుంది. ధ్రువాల దగ్గర తక్కువ శక్తి ఉన్నవి కూడా లోపలికి వచ్చేస్తాయి. మనం అయస్కాంత భూమధ్యరేఖకు దగ్గర్లో ఉన్నాం. ఇక్కడ నిలువుగా కిందికి దిగాలంటే ఒక కణానికి సుమారు 17 గిగావోల్టుల రిజిడిటీ (అయస్కాంత క్షేత్రానికి వంగకుండా నిలిచే బలం) కావాలి. ప్రోటాన్ లెక్కలో చెప్పాలంటే 16 గిగా ఎలక్ట్రాన్‌వోల్టుల పైమాట. సూర్యుడి పేలుళ్లలో వచ్చే ప్రోటాన్లలో అత్యధిక భాగం ఇందులో వందో వంతు శక్తి కూడా లేనివి. అవి మన ఆకాశానికి రాలేవు. పైగా ఫ్లేర్ 23 కిలోమీటర్ల దగ్గర గీత గీసుకుని కూర్చోదు.

అమ్మా వాల్తేరు_మేఘం, నీ లాగ్‌లో 22.5 దాకా ఉన్న భాగం చూసి నాకు ఎంత ఆనందమైందో చెప్పలేను. నేల మీద 24 ఉన్నది 1 కిలోమీటరు దగ్గర 17కు తగ్గింది చూశావా? చాలామంది దాన్ని పట్టించుకోరు. నేలలోని యురేనియం, థోరియం, పొటాషియంల నుంచి వచ్చే గామా కిరణాలను మధ్యలో ఉన్న గాలి మింగేస్తుంది. అందుకే ముందు తగ్గుతుంది. ఆపైన కాస్మిక్ కిరణాల వాటా పెరిగి లెక్క మళ్లీ ఎక్కుతుంది. 1912లో విక్టర్ హెస్ బెలూన్‌లో తానే ఎక్కి 5 కిలోమీటర్లు దాటి వెళ్లినప్పుడు చూసింది ఇదే. ముందు కాస్త తగ్గుదల, తర్వాత పెరుగుదల. రేడియేషన్ నేల నుంచే వస్తుందన్న అప్పటి నమ్మకం దాంతో పోయింది. 1936లో ఆయనకు నోబెల్ వచ్చింది. నీ థర్మోకోల్ పెట్టె నిన్న అదే దారిలో వెళ్లొచ్చింది.

గరిష్ఠం సంగతికొస్తే, దాన్ని రెగెనర్-ఫోట్జర్ గరిష్ఠం అంటారు. పైనుంచి వచ్చిన ఒక్కో కణం గాలి కేంద్రకాన్ని ఢీకొట్టి ఎన్నో పిల్ల కణాలను పుట్టిస్తుంది. పైన గాలి పలచన, ఢీకొట్టడానికి ఏమీ ఉండదు. కింద గాలి చిక్కన, పుట్టినవి దారిలోనే ఇంకిపోతాయి. మధ్యలో ఒకచోట జల్లు చిక్కగా ఉంటుంది. మన అక్షాంశంలో అది 16, 17 కిలోమీటర్ల దగ్గర రావడం సబబే.

కాబట్టి 23 కిలోమీటర్ల తర్వాత లెక్క తగ్గుతూ పోవాలి. పన్నెండు రెట్లు పెరగడానికి ప్రకృతిలో కారణం నాకు కనిపించడం లేదు. పెట్టెలో వెతుకు.

సోల్డర్_సత్తి
సెప్టెంబర్ 29, రాత్రి 11:20

చెల్లీ, రెండు ప్రశ్నలు.

ఒకటి, దిగేటప్పటి లాగ్ ఎక్కడ? ఎక్కినప్పటి లెక్కలు మాత్రమే పెట్టావు. పెట్టె కిందికి వస్తున్నప్పుడు ఆ గోల ఎక్కడ ఆగింది?

రెండు, హై వోల్టేజ్ బోర్డు మీద ఏదైనా పూత వేశారా, లేక కొన్నది కొన్నట్టే పెట్టారా?

వాల్తేరు_మేఘం
సెప్టెంబర్ 30, ఉదయం 6:30

అన్నా, రాత్రి ఇది చదివాక నిద్ర పట్టలేదు, లేచి ఫైలు తీశాను. దిగేటప్పుడు 22.6 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయింది! ఆ కింద అంతా మామూలే. 16 దగ్గర మళ్లీ 200 పైన వచ్చింది. పడే వేగం ఎక్కువ కాబట్టి అక్కడ దొరికినవి రెండు మూడు పాయింట్లే.

పెట్టె లోపలి ఉష్ణోగ్రత మాత్రం ఒకేలా లేదు. ఎక్కేటప్పుడు 23 దగ్గర మైనస్ 9, దిగేటప్పుడు అదే ఎత్తులో మైనస్ 21. ప్రెషర్ రెండుసార్లూ 35 హెక్టోపాస్కల్స్ దరిదాపు (నేల మీద వెయ్యి దాకా ఉంటుంది).

బోర్డు మీద పూత వేయలేదు. ట్యూబు కొసలకు వైర్లు నేనే సోల్డర్ చేశాను.

సోల్డర్_సత్తి
సెప్టెంబర్ 30, ఉదయం 7:15

జవాబు నువ్వే రాసేశావు. ఉష్ణోగ్రత వేరు, ప్రెషర్ ఒకటే, గోల మొదలైన చోటే ఆగింది. ఇది ప్రెషర్ వల్ల వచ్చిన తంటా. నీ హై వోల్టేజ్ గాలిలోకి దూకుతోంది.

చాలామంది పైకి వెళ్తే గాలి తగ్గుతుంది కాబట్టి కరెంటు దూకడం కూడా తగ్గుతుందనుకుంటారు. పూర్తి శూన్యంలో అది నిజం. మధ్యలో మాత్రం తలకిందులు. పాషెన్ నియమం అని ఉంది. రెండు లోహపు కొసల మధ్య గాలి ఏ వోల్టేజ్ దగ్గర తెగి కరెంటును దూకనిస్తుందన్నది ప్రెషర్‌ని దూరంతో గుణిస్తే వచ్చే విలువను బట్టి ఉంటుంది. నేల మీద అర మిల్లీమీటరు సందును దూకాలంటే రెండు వేల వోల్టుల పైనే కావాలి, అందుకే నీ టేబుల్ మీద అంతా బుద్ధిగా ఉంటుంది. ప్రెషర్ తగ్గేకొద్దీ అదే సందును తక్కువ వోల్టేజ్ దాటేస్తుంది. గాలి తెగడానికి కావాల్సిన వోల్టేజ్ కనిష్ఠంగా 330 దాకా దిగుతుంది. నీ దగ్గర 420 ఉంది. లెక్క వేసి చూశాను. 35 హెక్టోపాస్కల్స్ దగ్గర 420 వోల్టులకు ప్రమాదమైన సందు సుమారు అర మిల్లీమీటరు, కాస్త అటూ ఇటూ. బోర్డు మీద అంత సందు ఎక్కడో ఉంది. అక్కడ వచ్చే ప్రతి చిన్న చిటపటనూ సర్క్యూటు ఒక కౌంటు అనుకుంటోంది.

భూతద్దం పెట్టి సోల్డర్ ముక్కులు చూడు. ముల్లులా పొడుచుకొచ్చింది ఏదైనా ఉంటే అదే దొంగ.

హామ్_ఉత్తరాంధ్ర
సెప్టెంబర్ 30, ఉదయం 8:00

అభినందనలమ్మా. నాదో అనుమానం. ప్రతి పది సెకన్లకూ లోరా ప్యాకెట్ పంపుతారు కదా, ఆ రేడియో పల్స్ కౌంటర్ ఇన్‌పుట్‌లోకి దూరుతోందేమో కూడా చూడండి. ప్యాకెట్ వెళ్లిన సెకన్లలోనే కౌంట్లు ఎక్కువగా ఉంటే అది రేడియో తప్పు.

ఇంకో మాట. తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. అనుమతుల పని ముందే మొదలుపెట్టండి. వైజాగ్ ఎయిర్‌ఫీల్డ్ నేవీ వాళ్లది, కాబట్టి పౌర విమానయానం వాళ్లతో పాటు వాళ్లకూ తెలియాలి. అంతర్జాతీయ నియమాల్లో 4 కిలోల లోపు సరుకు తేలిక రకం బెలూన్ కిందికి వస్తుంది. తేలికైనంత మాత్రాన చెప్పకుండా వదలకూడదు. మనం వదిలింది విమానాలు తిరిగే ఎత్తులన్నీ దాటుకుంటూ పోతుంది. 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు అక్కర్లేదు కాబట్టి విద్యార్థులకు లోరా హాయి.

వాల్తేరు_మేఘం
సెప్టెంబర్ 30, ఉదయం 8:40

సార్, ప్యాకెట్ సమయాలతో సరిపోల్చాను. సంబంధం లేదు, గోల అన్ని సెకన్లలోనూ సమానంగా ఉంది. అనుమతి రెండు తేదీలకు ముందే అడిగి తీసుకున్నాం. రెండోది అక్టోబర్ 10.

ఈ పూట ల్యాబ్‌లో బెల్ జార్ (గాలి లాగేసి ప్రెషర్ తగ్గించే గాజు గంట), రోటరీ పంపు అడుగుతాను.

పాత_సోండ్
సెప్టెంబర్ 30, మధ్యాహ్నం 1:30

వాతావరణ పరిశీలనలో ముప్పై ఏళ్లు బెలూన్లు వదిలినవాణ్ని. మీ తీరం కథ చదివి గుండె ఝల్లుమంది. కానీ బెలూన్ తప్పేమీ చేయలేదమ్మా, ఈ కాలంలో గాలి తీరే అంత. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా మన మీద కింద పడమటి గాలి. ఆరేడు కిలోమీటర్లు దాటితే తూర్పు గాలి. 14, 16 కిలోమీటర్ల మధ్య అది జెట్ ప్రవాహంగా మారి చాలా వేగంగా వీస్తుంది. అందుకే ముందు సముద్రం వైపు పోయి, తర్వాత కొండల వైపు తిరుగుతుంది. చలికాలంలో వదిలారా, పైన పడమటి గాలులే. పెట్టె బంగాళాఖాతానికి ఇచ్చేసినట్టే.

అక్టోబర్ 10 అంటే అంచు మీద ఉన్నారు. గాలులు మారే నెల, తుపానుల నెల కూడా. 2014లో హుద్‌హుద్ మన మీదికి వచ్చింది అక్టోబర్ 12నే, మరచిపోకండి. ఆ వారమంతా రోజూ వైజాగ్ సోండ్ (వాతావరణ శాఖ బెలూన్‌తో పంపే పరికరం) డేటా చూడండి, స్టేషన్ నంబరు 43150, పొద్దున 5:30 పరిశీలన. 10 కిలోమీటర్ల పైన తూర్పు గాలి నిలకడగా ఉంటేనే వదలండి. ఆనందపురం కంటే లోపలికి, కొత్తవలస వైపు జరిగితే ఇంకా నిబ్బరంగా ఉంటారు.

గాలి నింపేటప్పుడు మెత్తటి నూలు చేతి తొడుగులు వేసుకోండి. గోరు గీత పడినా, చేతి జిడ్డు అంటినా రబ్బరు పైన తొందరగా పగిలిపోతుంది. హీలియమే వాడారు కదా? హైడ్రోజన్ చవక, మేం దానితోనే పని చేశాం. కానీ నేర్పేవాళ్లు పక్కన లేకుండా విద్యార్థులు దాని జోలికి పోవద్దు.

వాల్తేరు_మేఘం
సెప్టెంబర్ 30, మధ్యాహ్నం 2:10

హీలియమే సార్. తొడుగులు ఒక్క జతే ఉంది, ఈసారి అందరికీ కొంటాం.

అరకు_కాఫీ
సెప్టెంబర్ 30, సాయంత్రం 5:45

పెట్టె దొరికిన కథ చెప్పు చెల్లీ. మేం రెండేళ్ల క్రితం ఒకటి వదిలితే పాడేరు అడవుల్లో పోయింది, ఇప్పటికీ దొరకలేదు. చెట్ల కింద రేడియో వినిపించలేదు. మీది చెరకు తోటలో అంత తేలిగ్గా ఎలా దొరికింది?

వాల్తేరు_మేఘం
సెప్టెంబర్ 30, సాయంత్రం 6:30

తేలిగ్గా ఏమీ దొరకలేదు అన్నా. చెప్పి తీరాలి కూడా, ఎందుకంటే అక్కడ మేం ఒక తప్పు చేశాం.

చివరి ప్యాకెట్ 900 మీటర్ల ఎత్తులో వచ్చింది. ఆ తర్వాత చెరకు నిలువెత్తున ఉండడంతో సిగ్నల్ లేదు. మేం ఊళ్లోకి వెళ్లేసరికి పదకొండయింది. ఒక ఇంటి అరుగు మీద మా పెట్టె ఉంది, దాని మీద తడిపిన గోనెసంచి కప్పి ఉంది. పక్కనే ఒక పెద్దాయన స్టూలు వేసుకుని కర్ర పట్టుకుని కూర్చున్నారు. పిల్లలందరినీ వీధి అవతలే నిలబెట్టారు. మమ్మల్ని చూసి, "ఏటమ్మా ఇది, మీదేనా? దీని మీద ఆసుపత్రి గదికుండే గుర్తుంది. పిల్లల్ని దగ్గరికి రానివ్వలేదు," అన్నారు.

పెట్టె మీద మేం పసుపు, నలుపు రేడియేషన్ గుర్తు అంటించాం. ప్రాజెక్టు పేరు పక్కన బాగుంటుందని. ఆయన ఎక్స్‌రే గది తలుపు మీద అది చూశారట. దాదాపు రెండు గంటలు ఎండలో కాపలా కూర్చున్నారు, ఊరి పిల్లల కోసం. పెట్టె లోపల రేడియేషన్ ఇచ్చేది ఏదీ లేదు, కొలిచేది మాత్రమే ఉంది. ఆ మాట పెట్టె మీద ఎక్కడా రాయలేదు. ఫోన్ నంబరు కూడా ఇంగ్లిష్ వాక్యం మధ్యలో చిన్నగా రాశాం. ఆయన కాళ్ల దగ్గర కూర్చుని పెట్టె విప్పి ఒక్కొక్కటీ చూపించాం. అప్పుడు పిల్లల్ని పిలిచారు.

కొత్త పెట్టె మీద ఆ గుర్తు ఉండదు. నాలుగు వైపులా పెద్ద అక్షరాల్లో తెలుగులో రాస్తున్నాం: "ఇది కాలేజీ విద్యార్థుల వాతావరణ బెలూన్ పెట్టె. ఇందులో ప్రమాదకరమైనది ఏదీ లేదు. దయచేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి."

అరకు_కాఫీ
సెప్టెంబర్ 30, రాత్రి 7:10

ఆ పెద్దాయనకు నా తరఫున కూడా దండం పెట్టు. ఒడిశా సరిహద్దు వైపు పోయే అవకాశం ఉంటే ఒడియాలో కూడా ఒక వైపు రాయించండి. పెట్టెలో చిన్న బజర్ ఒకటి పెట్టండి. దిగాక కూస్తూ ఉంటే చెరకులోనైనా దొరుకుతుంది. మాది పోయాకే ఇది నేర్చుకున్నాం.

వాల్తేరు_మేఘం
అక్టోబర్ 2, రాత్రి 11:55

బెల్ జార్ ఫలితం వచ్చింది. ఇప్పుడే ఇంటికి చేరాను, రాయకుండా పడుకోలేను.

బోర్డు, ట్యూబు రెండూ లోపల పెట్టి పంపు ఆన్ చేశాం. 1,000 నుంచి 100 హెక్టోపాస్కల్స్ దాకా నిమిషానికి 22, 25, 23. 50 దగ్గర కూడా 24. 37 దాటగానే స్పీకర్ టక్, టక్, టక్ అని మొదలై, చూస్తుండగానే ఒకటే గరగర. గాలి వదిలితే ఆగిపోయింది. మళ్లీ లాగితే మళ్లీ అక్కడే. ఐదుసార్లు చేశాం.

తర్వాత ట్యూబు పీకేసి వట్టి బోర్డు పెట్టాం. ట్యూబు లేదు కాబట్టి సున్నా రావాలి. 33 దగ్గర నిమిషానికి 700!

చివర్లో ల్యాబ్ లైట్లన్నీ ఆర్పేసి, ఫోన్ కెమెరాను గాజుకు ఆనించి ఎక్కువ సేపు ఎక్స్‌పోజర్ పెట్టాం. ఫోటోలో ఒక్కచోట ఆవగింజంత ఊదారంగు చుక్క. అది ఎక్కడుందో కొలిచి చూస్తే, నేను సోల్డర్ చేసిన పాజిటివ్ వైరు దగ్గర. సోల్డర్ లాగేటప్పుడు తోక మిగిలింది, దాని కొసకూ గ్రౌండ్ ట్రాక్‌కూ మధ్య అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. సత్తి అన్నా, దొంగ దొరికాడు.

మా టీమ్‌లో అది నిజమైన రేడియేషనే అన్న ఇద్దరూ ఆ ఫోటో చాలాసేపు చూశారు. తర్వాత వాళ్లే కట్టర్ తెచ్చారు.

సోల్డర్_సత్తి
అక్టోబర్ 3, ఉదయం 7:00

శభాష్! ట్యూబు పీకి చూడడం నేను చెప్పాలనుకుని మరిచిపోయాను, మీకే తట్టింది. అంతకు మించిన పరీక్ష లేదు.

ఇప్పుడు చేయాల్సింది. తోకలన్నీ కత్తిరించి, ప్రతి సోల్డర్‌నూ గుండ్రంగా బొట్టులా చెయ్యి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఫ్లక్స్ (సోల్డర్‌తో పాటు మిగిలే జిగురు) మొత్తం కడిగి ఆరబెట్టు. మన ఊరి గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి, కడగని ఫ్లక్స్ వాటిని పీల్చుకుని లీకేజీ ఇస్తుంది. తర్వాత హై వోల్టేజ్ భాగమంతా సిలికాన్‌తో కప్పు. హార్డ్‌వేర్ షాపులో దొరికే వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వద్దు, అది రాగిని తినేస్తుంది. న్యూట్రల్ రకం అడుగు. పలచగా రెండు మూడు పొరలు వెయ్యి, లోపల బుడగ మిగలకూడదు. బుడగలోని గాలి మెల్లగా బయటికి కారిపోయి అక్కడే మళ్లీ అదే కథ మొదలవుతుంది. ఒక రోజంతా ఆరనివ్వు.

వోల్టేజ్ కూడా 420 అక్కర్లేదు. ఈ ట్యూబు పీఠభూమి, అంటే వోల్టేజ్ మారినా కౌంట్లు పెద్దగా మారని మేర, 350 నుంచి 475 దాకా ఉంటుంది, 400 దగ్గర పెట్టు.

గాజువాక_కుర్రాడు
అక్టోబర్ 3, సాయంత్రం 4:20

నాకు ఒక అనుమానం. గీగర్ ట్యూబు ఒక కౌంటు ఇచ్చాక కాసేపు చూడలేదంటారు కదా, డెడ్ టైమ్. 16 కిలోమీటర్ల దగ్గర అంత రేడియేషన్ ఉంటే నిజానికి ఇంకా ఎక్కువ ఉండి ట్యూబు కొన్ని వదిలేసిందేమో?

భీమిలి_ఫిజిక్స్
అక్టోబర్ 3, సాయంత్రం 5:30

లెక్క వేద్దాం బాబూ. ఈ ట్యూబుకు డెడ్ టైమ్ సుమారు 190 మైక్రోసెకన్లు. నిమిషానికి 214 అంటే సెకనుకు మూడున్నర. మూడున్నరసార్లు 190 మైక్రోసెకన్లు కలిపితే సెకనులో వెయ్యో వంతు కూడా కాదు. పట్టించుకోనక్కర్లేదు.

పట్టించుకోవాల్సింది వేరే ఉంది. ఇలాంటి కౌంట్లలో తప్పు హద్దు దాదాపు వాటి వర్గమూలమంత ఉంటుంది. 214కు వర్గమూలం 14.6. అంటే ఆ నిమిషం విలువ 214, అటూ ఇటూ 15. సెకనుకు 5 మీటర్ల వేగంతో ఎక్కితే నిమిషంలో 300 మీటర్లు దాటిపోతావు. కాబట్టి అమ్మా, రిపోర్టులో "గరిష్ఠం 16.5 కిలోమీటర్లు" అని రాయకు. 15.5, 17.5 మధ్య ఎక్కడో అనే నీ డేటా చెబుతోంది. దానికి మించి చెప్పించకు.

మైక్రోసీవర్ట్‌లలోకి (ఒంటికి తగిలే రేడియేషన్ మోతాదు కొలతలోకి) మార్చడం కూడా వద్దు. బోర్డుతో వచ్చే గుణకం నేల మీది గామా మూలంతో తీసింది. పైన మ్యూయాన్లు, ఎలక్ట్రాన్లు, ప్రోటాన్లు, న్యూట్రాన్లు కలిసి ఉంటాయి. న్యూట్రాన్లను ఈ ట్యూబు దాదాపు చూడలేదు, మోతాదులో వాటి వాటా మాత్రం పెద్దది. నిమిషానికి కౌంట్లు అనే రాయి, అదే నిజం.

వాల్తేరు_మేఘం
అక్టోబర్ 3, రాత్రి 9:00

మాస్టారూ, మైక్రోసీవర్ట్‌ల గ్రాఫ్ అప్పటికే గీసి పెట్టాం. తీసేస్తున్నాం.

ఒకటి అడగాలి. పూత వేశాక ట్యూబు సరిగ్గా పని చేస్తోందో లేదో నేల మీద ఎలా చూడాలి? రేడియోధార్మిక మూలం మా దగ్గర లేదు.

భీమిలి_ఫిజిక్స్
అక్టోబర్ 3, రాత్రి 9:45

నీకు ఏ మూలమూ కొననక్కర్లేదు, మన జిల్లాయే ఇస్తుంది.

ఎరువుల కొట్టుకు వెళ్లి ఒక కిలో పొటాష్ తెచ్చుకో. మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. అందులో సహజంగా ఉండే పొటాషియం-40 వల్ల కిలోకు సెకనుకు దాదాపు 16,000 విఘటనలు జరుగుతుంటాయి. ట్యూబును కవరుకు ఆనించి పది నిమిషాలు లెక్కపెట్టు, పెరుగుదల తెలుస్తుంది.

తర్వాత భీమిలి బీచ్‌కు రా. అలలు వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు మిగులుతాయి. ఇల్మెనైట్, గార్నెట్‌తో పాటు మోనజైట్ రేణువులూ ఉంటాయి అందులో, మోనజైట్‌లో థోరియం ఉంటుంది. మా విద్యార్థులతో ఏటా చేయిస్తాను. తెల్లటి ఇసుక మీద ఒకసారి, నల్లచార మీద ఒకసారి. నల్లచార మీద లెక్క రెట్టింపు దాటుతుంది. కుదిరితే ఫిషింగ్ హార్బర్ నుంచి పడవలో సముద్రం మీదికి కూడా తీసుకెళ్లు. కింద నీళ్లుంటే నేల రేడియేషన్ పైకి రాదు. మిగిలేది దాదాపు కాస్మిక్ కిరణాలే.

ఇంకో మాట. కాస్మిక్ కిరణాల మీద అక్షాంశం ప్రభావం చూడడానికి 1939-40లో అమెరికా శాస్త్రవేత్త మిలికన్ బృందం అప్పటి అవిభక్త భారతదేశానికి వచ్చి బెంగళూరు, ఆగ్రా, పెషావర్‌లలో బెలూన్లు ఎగరేసింది. భూమధ్యరేఖ దగ్గర ఎంత తక్కువ వస్తాయో ఇక్కడే చూడాలని వాళ్లు అంత దూరం వచ్చారు. హైదరాబాద్‌లో టాటా మౌలిక పరిశోధన సంస్థ (టీఐఎఫ్‌ఆర్) వాళ్ల బెలూన్ కేంద్రం ఉండడానికి కూడా ఇదొక కారణం. అయస్కాంత క్షేత్రం తక్కువ శక్తి కణాలను ఆపేస్తే ఎక్స్‌రే దూరదర్శినులకు చికాకు తక్కువ. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో స్వామి జ్ఞానానంద పేరు మీద న్యూక్లియర్ ప్రయోగశాల ఉంది. ఈ ఊళ్లో కూర్చుని కౌంటర్ పట్టుకున్న మొదటివాళ్లు మీరు కాదు, చివరివాళ్లూ కాకూడదు.

వాల్తేరు_మేఘం
అక్టోబర్ 6, సాయంత్రం 7:20

పూత వేసిన బోర్డు: బెల్ జార్‌లో 8 హెక్టోపాస్కల్స్ దాకా నిశ్శబ్దం. 22, 21, 25. ట్యూబు పీకితే సున్నా, పది నిమిషాలకూ సున్నా.

పొటాష్ కవరు దగ్గర 23 నుంచి 41. భీమిలిలో తెల్ల ఇసుక మీద 27, నల్లచార మీద 66. సముద్రం మీద పడవలో 13. పడవ తాత "నీళ్లలో ఏటి కొలుస్తున్నావే?" అని అడిగితే, "పైనుంచి పడేది కొలుస్తున్నాను తాతా," అన్నాను. ఆయన ఆకాశం చూసి చెయ్యి చాచి చూసుకున్నాడు, చినుకులేమో అని.

పాత_సోండ్
అక్టోబర్ 9, సాయంత్రం 6:50

ఈ పొద్దు పరిశీలన చూశాను. 10 కిలోమీటర్ల పైన ఇంకా తూర్పు గాలే ఉంది. కింద గాలి దాదాపు లేదు. బంగాళాఖాతంలో ఇప్పటికి ఏమీ కనబడడం లేదు. రేపు వదలొచ్చు. 17 కిలోమీటర్ల దగ్గర మైనస్ 80 ఉంటుంది, సెల్స్ చుట్టూ దూది బాగా కూరండి.

వాల్తేరు_మేఘం
అక్టోబర్ 11, ఉదయం 10:15

నిన్న పొద్దున 5:50కి కొత్తవలస దగ్గర వదిలాం. 29.1 కిలోమీటర్ల దగ్గర పగిలింది. మాడుగుల ఇవతల ఒక చెరువు గట్టు మీద దిగింది. మేం చేరకముందే ఫోన్ వచ్చింది, పెట్టె మీద రాసింది చదివి ఒక కుర్రాడు చేశాడు. బజర్ కూత నాకు ఫోన్‌లోనే వినిపించింది.

1 కి.మీ.: 16
10 కి.మీ.: 117
16 నుంచి 17 కి.మీ., నాలుగు నిమిషాల సగటు: 208
20 కి.మీ.: 181
23 కి.మీ.: 158
25 కి.మీ.: 139
28 కి.మీ.: 121

ఎక్కడా గెంతు లేదు. 23 దాటుతున్నప్పుడు వ్యాన్‌లో ఎవరం మాట్లాడలేదు. 158 వచ్చింది, తర్వాత 152. అప్పుడు అందరం ఒకేసారి అరిచాం, డ్రైవర్ గారు బండి ఆపేశారు.

రివ్యూలో మొదటి బెలూన్ తప్పు డేటా, ఊదాచుక్క ఫోటో, రెండో బెలూన్ డేటా మూడూ వరసగా పెడుతున్నాం.

భీమిలి_ఫిజిక్స్
అక్టోబర్ 11, ఉదయం 11:30

28 దగ్గర 121. ఈ ఒక్క అంకె కోసం పన్నెండు రోజులుగా ఎదురుచూశానమ్మా. మొదటి బెలూన్‌లో 22.5 కింది భాగాన్ని పారేయకు. ట్యూబు అదే, 420 వోల్టులైనా 400 అయినా పీఠభూమి మీదే ఉంది. రెండు రోజుల విలువలూ తప్పుల హద్దుల్లో కలుస్తున్నాయి, ఒకే గ్రాఫ్ మీద వెయ్యి.

తర్వాతిసారికి రెండు ట్యూబులు ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండింట్లోనూ ఒకేసారి వచ్చిన కౌంట్లను విడిగా రాసుకో. ఒక బోర్డు చిటపటలాడినా రెండోది దానికి వంత పాడదు. దాన్ని పక్కకు వంచి పెడితే తూర్పు నుంచి కంటే పడమటి నుంచి ఎక్కువ కణాలు రావడం కూడా చూడొచ్చు, మన అక్షాంశంలో ఆ తేడా బాగా కనబడుతుంది. పెట్టె గాలిలో తిరుగుతుంది కాబట్టి దిక్సూచి చిప్ తప్పనిసరి.

గాజువాక_కుర్రాడు
అక్టోబర్ 11, మధ్యాహ్నం 12:05

అక్కా, రెండు ఫైళ్లూ పెట్టవా? మొదటిది కూడా కావాలి. తప్పు ఎక్కడ మొదలైందో నేనే గ్రాఫ్ గీసి చూడాలి.

వాల్తేరు_మేఘం
అక్టోబర్ 11, మధ్యాహ్నం 12:20

పెట్టాను తమ్ముడూ. మొదటి ఫైల్లో నాలుగో నిలువు వరస ప్రెషర్. కౌంట్లను ఎత్తుతో కాకుండా దానితో గీసి చూడు.